మేడ మీది ఎండ

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే మనిషి ఆ ఇంటి ఓనరు. సోలార్ పలకలకు సబ్సిడీ ఇస్తున్నారనగానే మేడంతా పరిచేసి, కింది వాటా ఆవిడ బట్టలారేసుకునే దండెం తెంచేశాడు. పొద్దున్నే ఆ పలకల్ని పసిపిల్లాడి ఒళ్లు తుడిచినట్టు తుడుస్తాడు. ఆవిడ తడిబట్టలతో మెట్టెక్కితే చాలు, "నీడ పడుతుంది, దిగు!" అని కసురుతాడు. ఇంట్లోనే ఆరేయడంతో ఆమె పిల్లల బట్టలన్నీ ముక్క వాసనే.

ఒక మిట్టమధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. ఓనరు ఫ్యానూ ఆగింది. "లైన్లో కరెంటు లేకపోతే ఇవీ పనిచేయవా? ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అని పలకలు బిగించినవాణ్ణి ఫోన్లో తిట్టి, చెమటలు కక్కుతూ కిందికొచ్చి, ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక్కడ కాస్త గాలాడుతోందమ్మా," అన్నాడు.

ఆవిడ తడిచీర గట్టిగా పిండింది. "ఎండంతా మీరే ఉంచుకున్నారుగా బాబాయిగారూ! గాలి మాకొదిలేసి తప్పుకోండి."