గాల్లో ఉండే పిల్లకు విగ్రహమా?

ఈ రోజు ఆళ్లగడ్డలో ఇంటర్ అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూశాను. మా నంద్యాల రెహానా ఎంత దూరం నుంచైనా సరే, ఎగిరి వేస్తే బంతి రింగులో పడాల్సిందే. ఆళ్లగడ్డ సునీత చేతికి చిక్కిన బంతిని లాక్కోవడం ఎవరి తరమూ కాదు. రింగుకు వల లేదు. దాంతో రెహానా వేసిన చివరి బంతి లోపల్నుంచి పడిందా, పక్కనుంచి పోయిందా అని పెద్ద గొడవై, ఎవరూ గెలవకుండానే ఆట ముగిసింది.

తర్వాత విగ్రహాలు చెక్కే మా ఓబులేసు షెడ్డు దగ్గర ఆగాను. ఆ అమ్మాయిలిద్దరూ పక్కనే చెరుకురసం తాగుతున్నారు. ముందు ముందు ఎవరి పేరు నిలుస్తుందని మాకు వాదన మొదలైంది.

"మా రెహానాకు విగ్రహమే పెడతారు చూడు" అన్నాను.

"ఎట్ల చెక్కేదన్నా? ఆ పిల్ల ఎప్పుడూ గాల్లోనే ఉంటాది. రాయి గాల్లో నిలబడతాదా? మా సునీతకైతే రెండు కాళ్లూ నేల మీదే."

"కాళ్ల కింద దిమ్మె పెట్టు."

"పెడితే స్టూలెక్కి బల్బు మారుస్తాండేట్టు ఉంటాది."

నాకు నిజంగానే కోపమొచ్చి గొంతు పెంచాను. సునీత ఇటు తిరిగింది.

"విగ్రహాలు తర్వాత చెక్కుదురు గానీ అన్నా, ముందు ఆ రింగుకు వల కట్టీయండి."

రెహానా పకపకా నవ్వింది. ఓబులేసు షెడ్డులోంచి స్టూలు తెచ్చి నా ముందు పెట్టాడు.

ఇంతకీ మీ ఓటు ఎవరికి? విగ్రహం మాత్రం నాకే ఖాయం. ఆదివారం స్టూలెక్కి వల కట్టేది నేనే.