రాజవ్వ తిట్టు

సూరత్‌లోని మా అడాజన్ చీరల కొట్టులో కొత్తగా చేరిన హంస, చీర మడవడం పూర్తికాగానే బల్ల మీద అరచేత్తో దబదబా చరుస్తుంది. ఆ చప్పుడు చెవిన పడితే నా వేళ్లు ఊరుకోవు. కరోనా రోజుల్లో డిండోలిలో మా మేడ మీద ఢోలక్ నేర్పిన రాజవ్వ గుర్తొస్తుంది.

కొట్టు మూతపడి నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న కాలమది. రాజవ్వ మా కింది వాటాలో ఉండేది. మగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టడం ఆమె పని, పెండ్లిళ్లలో ఢోలక్ వాయించడం ఆమె ప్రాణం. రెండూ ఆగిపోయేసరికి సాయంత్రాలు పాఠాలు మొదలుపెట్టింది. శిష్యులం ముగ్గురం, మాస్కులు వేసుకుని దూరం దూరంగా కూర్చునేవాళ్లం. గోపాలన్న మగ్గం నడిపేవాడు, బాగా వాయించేవాడు. భజనలకు వెళ్లే సావిత్రక్కకు కొంత వచ్చు. నాకు ఏమీ రాదు. ఉన్న ఒక్క ఢోలక్ అవ్వదే కాబట్టి ఇంట్లో సాధనకు నాకు బోర్లించిన బకెట్టే గతి.

నేను ఏం వాయించినా అవ్వ ముఖం వెలిగిపోయేది. "మస్తు కొట్టినవ్ బిడ్డా" అనేది. సావిత్రక్క వాయిస్తుంటే నోరు మెదపకుండా పావురాలను చూస్తూ కూర్చునేది. గోపాలన్న చెయ్యి వేయడమే తరువాయి. "ఏందిర గది? ఢోలక్ గొడ్తున్నవా, పిండి పిసుకుతున్నవా?" ఆయన్ను చూస్తే నాకు జాలేసేది. నేను మాత్రం పుట్టు విద్వాంసురాలినని నమ్మేసి, బకెట్టుతో ఇరుగుపొరుగుకు నిద్ర లేకుండా చేశాను.

అంతలో మా చెల్లి లతకు పెండ్లి కుదిరింది. చుట్టాలను వేళ్ల మీద లెక్కపెట్టి పిలవాలి, బ్యాండు మాట ఎత్తకూడదు. బాజా లేకుండా పెండ్లేమిటని లత ఒకటే ఏడుపు. నేనున్నాను కదా అని మాట ఇచ్చేశాను. తీరా ఢోలక్ అడిగితే అవ్వ తల అడ్డంగా ఊపింది.

"నేను తిట్టినోల్ల చేతిలనే నా ఢోలక్ గడప దాటుతది బిడ్డా."

"మరి నన్ను తిట్టవా అవ్వా?"

"నిన్నెందుకు తిడ్త? మస్తు కొడ్తున్నవ్."

వేలాడేసిన నా ముఖం చూసి గోపాలన్న నవ్వాడు. "నన్ను గూడ శానా దినాలు మస్తే అన్నది చెల్లె. మొదటిపారి తిట్టిన నాడు కార్ఖానల అందరికి ఘారీ పంచిన." ఘారీ అంటే సూరత్ వాళ్ల నేతి మిఠాయి. తిట్టు తిని మిఠాయి పంచిన మనిషిని చూశాక, నేను విద్వాంసురాలిని కానని తెలిసొచ్చింది.

ఇక తిట్టించుకోవడమే పనిగా పెట్టుకున్నాను. కావాలని తాళం తప్పించాను. మస్తు. కుడిచేతి దరువు ఎడమచేత్తో వేశాను. ఇంకా మస్తు. ఉక్రోషం పట్టలేక అడిగేశాను. "గిట్ల కొడితే గూడ మస్తేనా అవ్వా?"

"కావాల్నని చేసిన తప్పులు నాకెందుకే? తెల్వక చేస్తున్నవి నీ చెవుల వడాలె. గప్పటిదాంక తిడ్తే భయపడి బంద్ వెడ్తవ్."

ఆ రోజు నుంచి బకెట్టు మీద మెల్లగా కొడుతూ వినడం మొదలుపెట్టాను. విన్నకొద్దీ సిగ్గేసింది. పెండ్లి దగ్గర పడిన ఒక సాయంత్రం, మేడ మీద వాయిస్తుంటే నా కుడిచెయ్యి ముందుకు పరుగెత్తడం నాకే స్పష్టంగా వినిపించింది. చటుక్కున ఆపేశాను.

"ఎందుకాపినవే?" అవ్వ గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. "తప్పు వోతే వోనీ, చెయ్యి ఆగద్దు. పెండ్లిల ఆడేటోల్లు నీకోసం కాలు లేపి నిలవడ్తరా?"

మాస్కు లోపల నా నవ్వు చెవులదాకా సాగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. గోపాలన్న చప్పట్లు కొట్టాడు. ఇంకా పావురాల దశలోనే ఉన్న సావిత్రక్క మాత్రం నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

లత పెండ్లిలో ఢోలక్ నాదే. పెండ్లికూతురు తల వంచుకునే భుజాలు ఆడించింది. వచ్చిన నలుగురూ మెచ్చుకున్నారు. అవ్వ మాస్కు కిందికి లాగి, "రెండో పాటల కుక్క తరిమినట్టు ఉరికినవేందే" అంది. ఆ రోజు మెప్పుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

అవ్వ ఇప్పుడు పల్సానాలో కూతురి దగ్గర ఉంటోంది. నేను హంసకు మడతలు నేర్పుతున్నాను. చేరిన రోజు నుంచి ఎలా మడిచినా బాగుందనే అంటూ వచ్చాను. నిన్న తను మడిచిన చీరను తనే అనుమానంగా చూసి, అంచు కలవలేదని మళ్లీ విప్పింది.

"కొనేవాళ్లు ఎదురుగా ఉంటే ఇలాగే విప్పుకుంటూ కూర్చుంటావా?" అని గట్టిగా కసిరాను.

పిల్ల ముఖం చిన్నబోయింది. కొట్టు మూసేలోపు ఘారీ పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఎందుకని అడిగింది.

"తిట్టు తిన్నావుగా, అందరికీ పంచు" అన్నాను.