నడవని కంప్యూటర్‌కు కొబ్బరికాయ

కోదాడలో హైవే పక్కనున్న ఓ ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆమధ్య అడ్మిషన్లప్పుడు మా ఛైర్మన్ గారు సూర్యాపేట నుంచి ఇత్తడి పళ్లాలు, రాగి గొట్టాలు తెప్పించి, ఓ వెల్డర్‌కు ఫొటో చూపించి క్వాంటం కంప్యూటర్ నమూనా చేయించారు. దాన్ని ల్యాబ్ కప్పుకు వేలాడదీసి, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు.

గరిడేపల్లి నుంచి కూతురిని చేర్పించడానికి వచ్చిన రైతు దాన్ని తేరిపార చూసి, "సార్, ఇది నడుస్తదా?" అని నన్నడిగారు.

ఛైర్మన్ గారు నా వంకే చూస్తున్నారు. అయినా చెప్పేశాను.

"నడవదండి, ఇది బొమ్మ. అసలుదాన్ని మంచుకన్నా ఎంతో చల్లగా ఉంచాలె. జర వేడి తగిలినా, అదిరినా లెక్క తప్పుతది. పెద్ద పెద్ద దేశాలోళ్లే ఇంకా ఆ తప్పులు ఆపలేకపోతున్నరు."

ఆయన కూతురి వంక ఓసారి చూశారు.

"గాళ్లకే అయితలేదంటే ఇగ ఏడ సదివినా గంతే గద సార్. గీడికైతే మా ఊరి నుంచి బస్సున్నది," అంటూ ఫీజు కట్టడానికి వెళ్లారు. ఛైర్మన్ గారు ఊపిరి పీల్చుకున్నారు. నేను తలెత్తలేకపోయాను.

ఆ అమ్మాయి ఇప్పుడు అదే ల్యాబ్‌లో జరిగే నా క్లాసులో ముందు వరసలో కూర్చుంటుంది. మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీ బయట వెళ్లినప్పుడల్లా తలపైన గొట్టాలు సన్నగా ఊగుతాయి. అసలుదైతే అక్కడితో లెక్క చెడిపోయేది. మా దగ్గర చెడిపోవడానికి లెక్కంటూ ఏదీ లేదు.