ఇసక కింద నిప్పు

ఆదివారం ప్రార్థన ముగియగానే సండేస్కూలు టీచరు ఏసుమణి కుచ్చెళ్లు ఎగదోపి, మైపాడు ఒడ్డున ఇసకలో గొంతుకూర్చుంటుంది. గ్యాసు పొయ్యి తప్ప ఎరగని పిల్లలు చుట్టూ చేరతారు. పోయిన తుపానుకు గ్యాసు అందక, బియ్యం ఉండి కూడా, కట్టెల పొయ్యి రాజేయడం చేతగాక వీళ్లంతా పస్తులున్నారు. ఆమె అది మరిచిపోలేదు. చున్నీ నడుముకు బిగించిందాకా ఏ పిల్లకూ అగ్గిపెట్టె ఇవ్వదు. గాలికి వీపు పెట్టి, కొబ్బరిపీచు చిక్కుదీసి, పైన సరుగుడు పుల్లలు పేర్చి చూపిస్తుంది.

ఓ ఆదివారం ఆ పిల్లల్లో డెబోరా ఒక్క అగ్గిపుల్లతోనే మంట రాజేసింది. ఆ సంబరంలోనే దాని మీద ఇంత ఇసక కప్పేసి, “ఆరిపోయిందక్కా!” అంది. ఏసుమణి లేచి, ఉత్తికాలు ఆ ఇసక మీద పెట్టబోయింది. “అక్కా, వద్దు! కింద నిప్పుండాది!” అంటూ డెబోరా ఆమె కాలు పట్టేసుకుంది. “నీకు తెలుసు గదా మే. చేపలబుట్ట నెత్తిన పెట్టుకోని ఇట్టా వచ్చే మీ అమ్మకు తెలుస్తాదా?” అంది ఏసుమణి. డెబోరా పక్కనున్న బిందె తీసుకుని సముద్రం వైపు పరుగెత్తింది. నీళ్లు పోస్తే ఇసక బుస్సుమంది. కట్టెతో కెలికి, చప్పుడు పూర్తిగా ఆగిందాకా మళ్లీ మళ్లీ పోసింది. చివరికి అరచేయి ఆనించి చూసి, “ఇప్పుడు సల్లబడిందక్కా” అంది. ఏసుమణి అదే చోట రెండు కాళ్లూ మోపి నిలబడి, అగ్గిపెట్టె పక్క పిల్లకు అందించింది.