బీరువాలో గొంతు

నర్సీపట్నంలో మా చర్చి సంఘంవాళ్ళు నా ఇంటి యజమానురాలి మాట వస్తే ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. చనిపోయిన భర్త బీరువాలోంచి పాడుతున్నాడని ఆవిడ అందనీ, అందుకే మతి చలించిందనీ చెప్పుకుంటారు. ఆవిడ అలా అనడం నిజం. మతి చలించిందన్నది అబద్ధం. అబద్ధమని అప్పట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను చర్చిలో గిటార్ వాయిస్తాను. బతుకుతెరువు ట్రాక్టర్ స్పేర్‌పార్టుల షాపు. విశాఖపట్నంలో ఒకాయన దగ్గర పాత వాల్వు ఆంప్లిఫయర్ కొన్నాను. పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు దాంట్లోనూ ఉంటాయి. సౌండ్ తగ్గించి వాయిస్తే పలచగా, నీళ్ళు కలిపిన పాలలా ఉంటుంది. పూర్తిగా పెంచితేనే వాల్వులు వేడెక్కి, స్వరం చిక్కబడి, అంచుల్లో కాస్త చిరిగినట్టు పలుకుతుంది. నాకు కావలసింది ఆ పలుకే. కానీ అంత సౌండ్ పెడితే వీధి వీధంతా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

షాపు మూసే ఎండవేళల్లో తప్ప నాకు తీరిక లేదు. ఊరంతా కునుకు తీసే వేళ అది. అందుకని స్పీకర్ ఊడదీసి, మందపాటి చెక్కపెట్టెలో పెట్టి, చుట్టూ బూరుగు దూది కూరాను. పెట్టెలోనే ఒక మైకు అమర్చి, దాని వైరు ఒక చిన్న సౌండ్ మిక్సర్ ద్వారా హెడ్‌ఫోన్‌కి కలిపాను. ఆంప్లిఫయర్ పూర్తి సౌండ్‌లో ఉన్నా గదిలో ఈగ వాలినంత చప్పుడు కూడా ఉండదు. నా చెవుల్లో మాత్రం ఏళ్ళ తరబడి వెతికిన స్వరం. ఆ పెట్టెను ఇంటి యజమానురాలి వాటాకీ నా వాటాకీ మధ్య ఉన్న గోడకు ఆనించి, నేలమీదే పెట్టాను. నేను చేసిన పొరపాటు అదే.

నేను పిన్నిగారని పిలిచే ఆ ఇంటావిడ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. ఒక మధ్యాహ్నం నేను వాయిస్తుంటే వచ్చి నా భుజం కుదిపింది. ఉలిక్కిపడి స్విచ్ ఆపేశాను.

"బాబూ, బేగి రా. సప్పుడు సెయ్యకు."

తన గదిలో ఇనప బీరువా ముందు నిలబెట్టింది. అందులో ఆయన చొక్కాలున్నాయి. ఏమీ వినపడలేదు.

"ఇప్పటిదాకా పాడినాడు. నువ్వొచ్చీసరికి ఆపీసినాడు. బతికున్నప్పుడూ ఇంతే, పరాయోళ్ళుంటే నోరిప్పడు."

"భయం వెయ్యడం లేదా పిన్నిగారూ?"

"నా మొగుడంటే నాకు బయమేటి? అప్పుడే నేదు, ఇప్పుడేటి?" అని నవ్వింది.

పాపం, పెద్దతనం అనుకున్నాను.

తర్వాత ఒకరోజు ఆంప్లిఫయర్ ఆపకుండానే, గిటార్ గోడకి చేర్చి, నీళ్ళు పట్టుకుందామని పెరట్లోకి వెళ్ళాను. ఎండ తెల్లగా కాస్తోంది. వీధిలో ఒక్క మనిషి లేడు. పిన్నిగారి కిటికీలోంచి మగగొంతు వినిపించింది. నోరు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా, ఒకటే స్వరం. నా చేతిలో బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేకపోయాను. పిన్నిగారి భర్త చర్చిలో పాట మొదలయ్యే ముందు సరిగ్గా అలాగే కూనిరాగం తీసేవాడు.

కాసేపటికి బుర్ర పనిచేసింది. పూర్తిగా పెంచిన ఆంప్లిఫయర్ ఎవరూ వాయించకపోయినా సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు పెట్టెలోంచి నేలకీ గోడకీ పాకి, అవతల బీరువా రేకులో పలుకుతోంది. లోపలికెళ్ళి స్విచ్ ఆపాను. గొంతు ఆగింది. మళ్ళీ వేశాను. వాల్వులు వేడెక్కేదాకా నిశ్శబ్దం. ఆ తర్వాత అవతలి గదిలో ఎవరో ఊపిరి బిగబట్టి మొదలుపెట్టినట్టు, మెల్లగా వచ్చింది. కారణం తెలిశాక కూడా నా ఒళ్ళు జలదరించింది.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆ స్వరం వదులుకోవాలి. ఏదో ఒకటి చేసి ఎవరికీ తెలియకుండా సర్దుకుందామనుకున్నాను.

ఈలోగా పిన్నిగారి మాట సంఘంలో తెలిసిపోయింది. మా పాస్టరు అయ్యగారు ఆవిడింట్లో ప్రార్థన పెట్టారు. అందరూ బీరువా మీద చేతులుంచి, అందులో ఉన్నది వెళ్ళిపోవాలని ప్రార్థించారు. పాటలకు గిటార్ నేనే వాయించాను. నేను ఆవిడ గదిలో ఉన్నాను, నా గదిలో ఆంప్లిఫయర్ ఆపేసి ఉంది కనక బీరువా పాడలేదు. అందరూ స్తోత్రం చెప్పారు. పిన్నిగారు ఒక్కతే కళ్ళు తుడుచుకుంటూ, "పంపించీసినారా?" అంది. అవి ఆనందబాష్పాలని అందరూ అనుకున్నారు.

కొన్నాళ్ళు వాయించలేదు. తర్వాత ఆగలేక, పెట్టె కింద పాత పరుపు మడిచి వేసి మళ్ళీ మొదలుపెట్టాను. అది చాలదని నాకు తెలుసు. ఆదివారం చర్చి మెట్లమీద పిన్నిగారు కనిపించినవాళ్ళకల్లా, "తిరిగొచ్చీసినాడు" అని చెప్పింది. ఆ సంతోషం చూసే జనం భయపడ్డారు. ప్రార్థన చేసినా ఆ గొంతు వదిలిపోలేదంటే లోపం బీరువాలో కాదు, మనిషిలోనే అన్నారు.

మాకవరపాలెంలో ఉండే కూతురు వచ్చింది. వాకిట్లో నన్ను ఆపి అడిగింది.

"అన్నయ్యా, పక్క వాటాలోనే ఉంటారు కదా. మీకెప్పుడైనా ఏటైనా ఇనపడిందా? ఇనపడిందంటే సెప్పండి, అమ్మనిక్కడే ఒగ్గీస్తాను."

"లేదమ్మా," అన్నాను.

ఆ సాయంత్రమే తల్లిని తీసుకెళ్ళిపోయింది. ఆటో ఎక్కుతూ పిన్నిగారు నాతో, "తలుపు తాళం ఏసినాను గానీ బాబూ, ఓ సెవి ఇటు పడీసి ఉంచు" అంది.

ఆ తర్వాత వాయించడం నావల్ల కాలేదు. స్విచ్ వేస్తే చాలు, తాళం వేసిన ఇంట్లో ఎవరూ లేని గదిలో ఒక మగవాడు మూలుగుతున్నాడని తెలుస్తుంది. హెడ్‌ఫోన్ ఎంత బిగించినా ఆ సంగతి చెవులు దాటి లోపలికొచ్చేది.

మాకవరపాలెం వెళ్ళి తల్లీకూతుళ్ళిద్దరికీ అంతా చెప్పాను. కూతురు నన్ను కూర్చోమనలేదు. "మరప్పుడు సెప్పడానికి నోరేటైపోయింది?" అంది. చెవులారా వింటేగాని నమ్మనంది. తల్లిని తీసుకుని నర్సీపట్నం వచ్చింది.

వాళ్ళిద్దరూ ఆ గదిలో కూర్చున్నారు. నేను పరుపు తీసేసి, స్విచ్ వేసి, ఏమీ వాయించకుండా ఎదురుచూశాను. గోడ అవతల కూతురు కేకవేసింది. వెళ్ళి చూస్తే ఆమె గోడకి అతుక్కుపోయి ఉంది. పిన్నిగారు బీరువా తలుపుమీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"మీరు విన్నది ఇదేనా పిన్నిగారూ?"

"ఇదే."

ఇవతలికొచ్చి స్విచ్ ఆపాను. మళ్ళీ వెళ్ళేసరికి కూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. "నీకేటీ నేదమ్మా. నువ్వు సరిగ్గానే ఇన్నావు. అందరికీ సెప్తాను. నీ ఇంట్లో నువ్వుండు."

పిన్నిగారు రేకుమీంచి చెయ్యి తియ్యలేదు. ఇంకా ఏదైనా పలుకుతుందేమోనని చూసింది. తర్వాత తలుపు తీసి, చొక్కాలన్నీ మంచంమీద వేసి, ఒక్కొక్కటే మడతపెట్టింది.

"ఇయ్యి సంఘంలో ఎవులికైనా ఇచ్చీయే," అంది కూతురితో. "ఇందులో ఎవులూ నేకపోతే ఈ కొంపలో ఒక్కదాన్నీ నానేటి సేస్తాను? బండి పిలు."

చర్చిలో అందరిముందూ నిలబడి జరిగింది చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు, ఆవిడమీద జాలితో కల్పిస్తున్నానన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ మాకవరపాలెంలోనే ఉంది, మతి నిక్షేపంలా ఉంది. నేను వెళితే కుర్చీ వేయించి టీ ఇస్తుంది, షాపు సంగతులు అడుగుతుంది. ఆయన ఊసు మాత్రం ఎత్తదు.