కాశ్యప గోత్రపు దొరసాని

బర్మాలో సైనిక ప్రభుత్వం విదేశీయులకు ఏడు రోజుల వీసా మాత్రమే ఇస్తున్న రోజులవి. ఇంగ్లీషు పత్రికలో పనిచేసేవాణ్ణి కనుక, దుబాసీగా రమ్మని స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒకావిడ నన్ను అడిగింది.

వాళ్లది ప్రభువుల వంశం. చాపంత కాగితం మీద వంశవృక్షం గీసుకుని తెచ్చింది. పది పన్నెండు తరాల పేర్లు, బిరుదులు ఉన్నాయి. ఒక్క గడి ఖాళీ. అది ఆమె తాతగారి అమ్మమ్మది. నేతపని చేసేవాళ్ల పిల్ల కనుక ఇంట్లో ఎవరూ ఆమె పేరెత్తేవారు కాదట.

"చేతులతో పనిచేసింది ఆమె ఒక్కతే. ఆమెకే పేరు లేదు," అందావిడ.

ఆ అమ్మమ్మ దగ్గరే పెరిగిన తాతగారి అక్క పెళ్లయి రంగూన్ వచ్చి, పిల్లలు లేకుండానే ఇక్కడ జ్వరంతో పోయింది. ఆమె సమాధి మీదో కాగితాల్లోనో ఆ అమ్మమ్మ పేరు దొరుకుతుందేమోనని ఈవిడ ఆశ. సమాధి దొరకలేదు. చర్చి రిజిస్టర్లు యుద్ధంలో పోయాయి. ఆరు రోజులు గడిచాయి.

రంగూన్‌లోనే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, గంజాం నుంచి వచ్చిన కుటుంబమొకటి నాకు తెలుసు. ఆ ఇంటి పెద్దావిడ తల్లి ఒక దొరసాని దగ్గర ఆయాగా చేసిందని విన్నాను. ఏడో రోజు పొద్దున్నే అక్కడికి తీసుకెళ్లి, తాతగారి అక్క పేరు చెప్పి అడిగాను.

"ఆ దొరసాని మా యమ్మ ఒళ్లోనే పోయినాది బాబూ," అంది పెద్దావిడ. "నీళ్లొదల్డానికి ఎవులూ నేరు గదా. అంచేత ఏటేటా మాలయ అమాసకి మావే ఒదుల్తన్నాం."

తర్పణానికి గోత్రం కావాలి. తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెబుతారు. మూడు తరాల పేర్లు కూడా కావాలి. ఆడవాళ్ల వరసలో తల్లి తర్వాత చెప్పాల్సింది నాయనమ్మ పేరు. ఆయా చెప్పింది అమ్మమ్మ పేరు.

"తప్పమ్మా, నాయనమ్మ పేరు సెప్పాలని తర్పణం సేయించే అయ్యగారు ఏటేటా సణుగుడే. జొరంలో ఆవిడ పలవరించింది అమ్మమ్మ పేరే, నాయనమ్మ నాకేటి తెల్సు, అనీది మా యమ్మ. మీరు ఒదిల్తే ఒదలండి, నేపోతే నేనే ఒదుల్తాను, అనీది."

ఆ పేరేమిటని అడిగాను. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

"పోయినోల పేరు ఊరికే తలవకూడదు. నీళ్లొదిల్తేనే."

"ఆడవాళ్లు వదలొచ్చా?"

"అయ్యగారు సంచౌంగ్ పేట ఎల్లినారు. ఈయేల ఎవులు సూస్తారు!"

నువ్వులు, ఇత్తడి చెంబు తెచ్చింది. స్కాట్లండ్ ఆవిడను పీట మీద కూర్చోబెట్టి, బొటనవేలి పక్కనుంచి నీళ్లు జారేలా చెయ్యి పట్టుకు వంచింది. కాశ్యప గోత్రం అంది. దొరసాని పేరు, ఆమె తల్లి పేరు చెప్పింది. ఆ తర్వాత అమ్మమ్మ పేరు.

చదువు రాని రెండు తరాల ఆడవాళ్లు, అక్షరం ముక్క లేకుండా, తమకేమీ కాని మనిషి కోసం ఆ పేరును మోసుకొచ్చారు. పత్రికలో పేర్లు తప్పు పడకూడదని జీవితమంతా జాగ్రత్తపడిన నాకు ఆ పక్కన కూర్చోవడం గౌరవంగా అనిపించింది.

ఆవిడ తడిచేత్తోనే ఖాళీ గడి నింపింది. సిరా కొద్దిగా అలుక్కుంది. తర్వాత గోత్రమంటే ఏమిటని నన్నడిగి, పక్కనే అదీ రాసుకుంది.

"ఇంకనుంచి ఆవిడికి నువ్వొదుల్తావా, మావే ఒదలాలా? కనుక్కో బాబూ," అంది పెద్దావిడ.

ఆవిడ జవాబు నేను తెలుగులో చెప్పాను. "ఇద్దరూ."

"అయితే వాల దేసంలో నువ్వులు దొరుకుతాయేటి?" అంటూ పెద్దావిడ పొట్లం కట్టడానికి కాగితం వెతుక్కుంది.