లోపలివైపు కుట్టు

బాన్సువాడలో బిచ్కుంద బస్సెక్కినప్పటి నుంచీ నా మనసు కుదురుగా లేదు. ఒళ్ళో సంచిలో ఒక పెళ్ళికూతురి జాకెట్టు. పది రోజులు కూర్చుని పూసలతో, జరీతో మగ్గం పని చేశాను. మూడు వేలు చెప్పాను గానీ, పని ఇచ్చిన బిచ్కుంద ఇంటావిడ ప్రతిసారీ బేరమాడుతుంది, నేను ప్రతిసారీ తలూపి వచ్చేస్తాను. ఈసారి ఎంతకు దించుతుందోనని సంచి విప్పుతూ, మూస్తూ ఉన్నాను.

పక్క సీటులో బుర్ఖా వేసుకున్న పెద్దావిడ అది చూసి, "ఏంది బేటీ గది? ఒకపారి చూపియ్యి" అంది.

ఇచ్చాను. మెరిసే పైవైపు ఆమె చూడనే లేదు. తిరగేసి, లోపలి ముడులను వేలితో మెల్లగా తడిమింది.

"నేను గూడ నలభై ఏండ్లు బట్టలు కుట్టిన. లోపట గింత సాఫ్‌గ ఎవ్వరు చేస్తలేరు. ఎంత తీసుకుంటవ్?"

"మూడు వేలమ్మా. వాళ్ళు ఎంతిచ్చినా మంచిదే."

"వాళ్ళు ఇంకా అడుగనే లేదు, నువ్వే తగ్గిస్తున్నవ్" అంది, నవ్వకుండా. జాకెట్టు మడిచి నా చేతిలో పెట్టి, మధ్యలో ఏదో ఊళ్ళో దిగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

బిచ్కుందలో ఇంటావిడ ఎప్పటిలాగే, "రెండు వేలు తీస్కో అక్కా" అంది.

"లేదక్కా, మూడు వేలే" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడలేక నిలబడ్డాను. తిరిగొచ్చి మూడు వేలూ ఇచ్చింది. లెక్కపెట్టుకోకుండానే వీధి మలుపు దాకా గబగబా నడిచాను, ఎక్కడ మనసు మార్చుకుని వెనక్కి పిలుస్తుందోనని.